ఏడో గుంత దగ్గర ఆగిన పని

కాగితం దండగ చేయడం నాకు నచ్చదు. ఇది కూడా పాత క్యాలెండర్ల వెనకవైపు రాస్తున్నాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని కనుక ఒత్తులూ దీర్ఘాలూ మనవరాలు దిద్దింది. మాటలు మాత్రం నావే. ఒకటి రెండు చోట్ల మెత్తబరచబోయింది, నేను ఒప్పుకోలేదు.

ఇది రాయాల్సి వచ్చింది కూడా ఆ పిల్ల వల్లనే. మొన్న ఫోనులో ఏదో చూస్తూ నా ముందు పెట్టింది. ఎవరో ఒకాయన పెద్ద బండ పక్కన నిలబడి, ఈ రాళ్ళు కోసింది మామూలు మనుషులు కారు, సముద్రంలో మునిగిపోయిన ఒక మహా నాగరికత వాళ్ళు, అందుకే అన్ని దేశాల పురాణాలూ ఒకేలా ఉంటాయి అని చెబుతున్నాడు. "ఉత్త చేతులతో ఇది సాధ్యమా, మీరే చెప్పండి" అని అడిగాడు. నా ఒళ్ళు మండిపోయింది. పాతికేళ్ళు దాటింది నేను ఈ మాట మొదటిసారి విని. అప్పుడు నేను ఊరుకోలేదు. ఊరుకోనందుకు ఏం జరిగిందో మీకు చెప్పాలి. మన ఇళ్ళ పిల్లలు మీరంతా ఇప్పుడు ఆ అద్దాల మేడల్లో ఉద్యోగాలు చేస్తున్నారు కనుక తెలిసి ఉండడం మంచిది.

తొంభైల చివరి మాట. హైటెక్ సిటీ అనే పేరు అప్పుడప్పుడే జనం నోట పడుతోంది. నానక్‌రామ్‌గూడ వైపు ఇంకా బండలూ, తుప్పలూ, సీతాఫలం చెట్లే. మేము పాలమూరు జిల్లా నుంచి వచ్చిన వడ్డెరలం, రాళ్ళు కొట్టడం మా పని. నా పెనిమిటి పోయి అప్పటికి ఆరేళ్ళు. ఒక ఆఫీసు బిల్డింగు కడుతున్న చోట ఇరవై మంది ఆడవాళ్ళ గుంపుకు నేను పెద్దని. బండ చీల్చడం, కంకర మోయడం, పునాది రాయి సర్దడం చేసేవాళ్ళం. కఠినురాలినని నాకు పేరు. ఉలి అరిగి బెత్తెడు అయ్యేదాకా కొత్తది ఇచ్చేదాన్ని కాదు. ఇనుప చీల పోగొడితే వెతికి తెచ్చేదాకా అన్నానికి కూర్చోనిచ్చేదాన్ని కాదు. వెనక తిట్టుకునేవాళ్ళు. తిట్టుకోనీ, ఒక్క చీల కూడా మట్టిలో పోలేదు.

ఆ స్థలంలో తూర్పు మూలన రెండు ఉండేవి. ఒకటి ఏనుగంత బండ. దాని వీపు మీద వరుసగా ఏడు గుంతలు. ఒక్కొక్కటి రెండు వేళ్ళ వెడల్పు, నాలుగు వేళ్ళ లోతు, మధ్యలో జానెడు ఎడం. అటువంటి గుంతల్లో చీలలు దిగ్గొట్టి సమ్మెటతో వరుసగా మోదుతూ పోతే బండ రొట్టె ముక్కలాగా విడిపోతుంది. ఆ ఏడు గుంతలు కొట్టింది నేనూ, నా పెనిమిటీ. ఈ బిల్డింగుకు ఇరవై ఏళ్ళ ముందు, ఆ చోటంతా అడవిలా ఉన్నప్పుడు, వేరే మేస్త్రి కింద.

రెండోది, ఆ బండకు కొంచెం దూరంలో గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద గుండ్లు, మధ్యలో రాళ్ళ దిబ్బ. మా పెద్దలు వాటిని రాకాసి గుళ్ళు అంటారు. పేరుకే రాకాసులు, కింద ఉన్నవి మనుషుల సమాధులు. ఎంత పాతవంటే, ఆ మనుషుల పేరేమిటో, ఏం భాష మాట్లాడేవారో చెప్పగలిగిన వాళ్ళు లేరు.

మా వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. కొత్త చోట రాయి మీద ఉలి పెట్టేముందు అక్కడ రాకాసి గుళ్ళు కనబడితే, వండిన అన్నంలో తొలిముద్ద తీసుకెళ్ళి ఆ గుండ్ల దగ్గర పెట్టాలి. ఇక్కడ మనకంటే ముందు రాయి ఎత్తినవాళ్ళు వాళ్ళు కనుక. ఆ గుండ్లను మాత్రం ఎన్నడూ చీల్చకూడదు. మేము పనిలో చేరిన నాడే పెట్టాము. నా ఆడబిడ్డ, నాకంటే పదేళ్ళు పెద్దది, ప్రతి సోమవారం మళ్ళీ పెట్టేది. అన్నం వృథా అని నేను గొణిగేదాన్ని. అయినా నా గిన్నెలోంచే తీసి ఇచ్చేదాన్ని.

ఒకసారి నీళ్ళ గొట్టం కోసం కాలువ తీస్తుంటే ఆ గుండ్ల అంచున ఒక కుండ బయటపడింది. లోపల నలుపు, బయట ఎరుపు. అందులో నాలుగు ఎముక ముక్కలు, తుప్పు పట్టిన ఇనుప ముక్క ఒకటి. ఆ ఇనుమును చేతిలోకి తీసుకుని తుప్పు దులిపి చూశాను. తల దెబ్బలకు చదునై పువ్వులా విచ్చుకుంది, కొన ఒక పక్కకు అరిగింది. నా కొంగున దోపుకున్న పాత ఉలి తీసి పక్కన పెట్టాను. అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. దాని యజమాని కూడా కుడిచేతి వాటమే, నాలాగే కొంచెం వాల్చి కొట్టే మనిషి.

సైటు ఇంజనీరుకు తీసుకెళ్ళి ఇచ్చాను. కోస్తా వైపు కుర్రాడు, మర్యాదస్థుడు. ఎముకలతో సహా కుండను మళ్ళీ అక్కడే పూడ్పించాడు. ఇనుప ముక్కను తన బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాడు. "మరి ఆ మూల సంగతేంది సారూ?" అని అడిగాను.

"ప్లాను ప్రకారం కార్లు కిందికి దిగే దారి మొదలయ్యేది అక్కడేనండి. వచ్చే నెల చదును చెయ్యాలి. నా చేతుల్లో ఏం లేదమ్మా."

ఆ రోజు మా గుంపులో ఎవరూ సరిగా తినలేదు.

అప్పుడు వచ్చాడు గొడుగు పెద్దమనిషి. ఎండైనా మబ్బైనా నల్ల గొడుగు చేతిలో ఉండేది కనుక మేము పెట్టుకున్న పేరు అది. ఏదో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడట. బిల్డింగు ఓనరుకు ఇటువంటి పాత సంగతులంటే పిచ్చి, ఆయనే పిలిపించాడు. పెద్దమనిషి బండ ఎక్కి, గుంతల్లో వేలు పెట్టి, కొలిచి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. తరువాత మొదలుపెట్టాడు.

"సార్, ఇది ఉలి పని కాదు. యంత్రం పని. హిందూ మహాసముద్రంలో మునిగిపోయిన ఖండం వాళ్ళది. ప్రళయం వచ్చినప్పుడు పడవల్లో తప్పించుకున్నవాళ్ళు ప్రపంచమంతా పాకారు. అందుకే ప్రతి జాతిలోనూ ప్రళయం కథ ఉంది. ఎన్ని రంధ్రాలున్నాయో చూశారా? ఏడు! సప్త ఋషులు, సప్త సముద్రాలు, సప్త స్వరాలు. అటు పడమటి దేశాల్లోనూ ఏడే. ఇది సందేశం సార్. మనకోసం వదిలి వెళ్ళిన సందేశం."

ఏడెందుకో నాకు తెలుసు. ఏడో గుంత కొడుతుండగా నాకు నొప్పులు మొదలయ్యాయి. నిండు నెలలు. మేస్త్రి సెలవివ్వలేదు. ఆ గుంత సగంలో ఉండగా నడుములో పొడిచినట్టయి ఉలి పక్కకు జారింది, అందుకే అది వంకర. నా పెనిమిటి నన్ను రాళ్ళ బండి మీద ఎక్కించి తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రమే నా బిడ్డ పుట్టింది. మేము తిరిగి వచ్చేసరికి ఆ మేస్త్రి పని ఎత్తేశాడు, బండ అలాగే ఉండిపోయింది. ఇదీ సముద్రంలో మునిగిన ఖండం వాళ్ళు పంపిన సందేశం.

నోరు తెరవబోయాను. ఆడబిడ్డ నా చేయి గట్టిగా గిల్లింది. ఎందుకంటే ఓనరు అప్పుడే ఇంజనీరుతో అంటున్నాడు: "ఈ మూలంతా ఎవరూ ముట్టుకోవద్దు. తాడు కట్టించండి. కార్ల దారి అటువైపు మార్చడానికి వీలవుతుందేమో చూడండి."

తాడు కట్టారు, చుట్టూ సున్నం గీత గీశారు. రాకాసి గుళ్ళు గీత లోపలే పడ్డాయి.

"జూసినవా పిల్లా," అంది ఆడబిడ్డ, మేము గంపలు దించుకుని కూర్చున్నాక. "ఆ ముసలాయన లంగ మాటలతోని, అబద్ధాలతోని మన గుండ్లు బతికినయ్. ఇగ నువ్వు నోరు మూసుకో."

"నా చేతి పనిని ఇంకొకరి పని అంటుండు గద వదినె."

"అననీ. నీ పేరేమన్న అరిగిపోయిందా? ఆడ చచ్చినోళ్ళు పండుకున్నరు. వాళ్ళకంటె నీ గుంతలు పెద్దగైనయా?"

సరేనన్నాను. పద్దెనిమిది రోజులు నోరు మూసుకున్నాను. నా గురించి తెలిసినవాళ్ళు ఇది నమ్మరు.

ఆ పద్దెనిమిది రోజుల్లో పెద్దమనిషి నాలుగుసార్లు జనాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను కంకర మోస్తూ అన్నీ విన్నాను. ఒకసారి ఇంజనీరు బల్ల మీది ఇనుప ముక్కను ఆయనకు చూపించి, "ఇది ఆ గుండ్ల దగ్గర దొరికిందండి" అన్నాడు. పెద్దమనిషి అటూ ఇటూ తిప్పి, "తుప్పు. దీనికేం విలువ లేదు" అని పెట్టేశాడు. చూడండి న్యాయం! నిజంగా పాతకాలపు మనిషి చేతిలో అరిగిన ఉలి ఆయనకు తుప్పు. నా వంకర గుంత ఆయనకు మహా నాగరికత.

ఐదోసారి ఓనరూ వచ్చాడు, ఫోటోలు తీసేవాళ్ళూ వచ్చారు. గుంతల సైజు తెలియాలంటే పక్కన మనిషి ఉండాలన్నారు. పెద్దమనిషి చుట్టూ చూసి, తట్ట ఎత్తుకుని పోతున్న నా బిడ్డను గొడుగుతో పిలిచాడు. ఇరవై ఏళ్ళది, పెళ్ళై ఏడాది. తలపాగా చుట్టుకుని, దుమ్ముకొట్టుకుపోయి ఉంది. దాన్ని బండ పక్కన నిలబెట్టి, గొడుగు కొనతో ముందు దాన్నీ తరువాత గుంతలనూ చూపించాడు.

"ఇదిగో, ఈ ప్రాంతపు రాళ్ళు కొట్టే జాతి. వీళ్ళను చూడండి, ఆ పనితనాన్ని చూడండి. ఇటువంటి వాళ్ళ తాతలు ఇది చేశారంటే మీరు నమ్ముతారా?"

అందరూ నవ్వారు. నా బిడ్డ కూడా నవ్వింది, ఏం చేయాలో తెలియక. ఆ నవ్వు చూశాక ఇక నన్ను ఆడబిడ్డ కాదు, దేవుడు గిల్లినా ఆగేదాన్ని కాదు.

గంప అక్కడే దించాను. కొంగున ఉన్న ఉలి, సుత్తె తీసుకుని సున్నం గీత దాటాను. ఇంజనీరు "అమ్మా, అమ్మా, లోపలికి రాకూడదండి" అంటూ వెంటపడ్డాడు. బండ ఎక్కి ఏడో గుంత పక్కన జానెడు కొలిచి ఉలి పెట్టాను.

"ఏయ్, ఎవరామె? ఆపండి! వేల సంవత్సరాల నాటిది!" అని పెద్దమనిషి అరిచాడు.

"వేలు గాదు సారూ, ఇరవై. నీ గొడుగుతోని చూపెట్టిన పిల్ల ఉన్నదే, దానికెన్నేండ్లో ఈ గుంతలకు గన్నే. నేను గొట్టినయే ఇవి. ఏడే ఎందుకున్నయంటే, ఏడోది కొడుతుంటె నాకు నొప్పులొచ్చినయ్. ఋషులు రాలే, ఎవలు రాలే. జర నిలబడి సూడు, ఎనిమిదోది ఇప్పుడు కొడ్త."

ఎవరూ కదల్లేదు. దెబ్బ వేయడం, ఉలి తిప్పడం, పొడి ఊదడం. మళ్ళీ దెబ్బ. గంటకు పైగా పట్టింది. మధ్యలో నా బిడ్డ వచ్చి గుంతలో నీళ్ళు పోసింది. అయిపోయాక ఇంజనీరును పిలిచి, "కొలువు సారూ" అన్నాను. అతడు పాత గుంతనూ దీన్నీ కొలిచి, "సమానంగానే ఉన్నాయండి" అన్నాడు మెల్లగా.

మా గుంపు ఆడవాళ్ళు ఈలలు వేశారు. ఫోటోల వాళ్ళు నా ఫోటో తీశారు. పెద్దమనిషి గొడుగు ముడిచి, "వీళ్ళ నెత్తుట్లో ఆ ప్రాచీన విద్య ఇంకా మిగిలి ఉందన్నమాట" అన్నాడు. ఓడిపోయినా ఒప్పుకోని మొండితనం! నేను చెమట తుడుచుకుంటూ ఓనరు వైపు చూశాను. మెచ్చుకుంటాడని ఆశపడ్డాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఓనరు ముఖం నల్లబడింది. నలుగురినీ పిలిచి నవ్వులపాలయ్యాడు కదా. "అయితే ఈ మూలంతా ఉత్తదేనన్నమాట" అన్నాడు ఇంజనీరుతో. "తాడు తీయించండి. రేపు పొద్దున్నే చదును చెయ్యండి. పాత ప్లానే."

బండ మీంచి దూకినంత పని చేశాను.

"అయ్యా, గుంతలు నావి. ఆ గుండ్లు నావి గావు. అవి నిజంగనే పాతయి. వాటి కింద మనుషులున్నరు, కుండ ఎల్లింది, ఇనుము ఎల్లింది, సారుకు ఎరుకే."

"ఇందాకే కదమ్మా ఇరవై ఏళ్ళన్నావు? ఇప్పుడు పాతవంటావేం?" అని కారెక్కాడు.

ఇంజనీరు నేల చూపులు చూశాడు. పెద్దమనిషి అన్నా ఒక్క మాట అంటాడేమోనని ఆయన వైపు తిరిగాను. పాత సంగతుల మీద అంత ప్రేమ ఉన్న మనిషి కదా! "ఆ రాళ్ళ కుప్పలు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయిలే" అని ఆయన కూడా వెళ్ళిపోయాడు. మునిగిపోయిన ఖండం కోసం కళ్ళు మూసుకుని నిలబడ్డ మనిషి, కాళ్ళ కింద ఉన్నవాళ్ళకోసం నోరు విప్పలేదు.

మర్నాడు పొద్దున మిషను వచ్చింది. నేను ఇంజనీరు గది ముందు నిలబడ్డాను. ఆ కుర్రాడిని ఏమీ అనలేను, చాయ్ వేళదాకా మిషను ఆపించాడు. "క్షమించండమ్మా, అంతకంటే నావల్ల కాదండి" అన్నాడు. మేమంతా తొలిముద్దలు పెట్టాము. ఆ రోజు నేను అన్నం లెక్క చూడలేదు, గిన్నె బోర్లించేశాను. తరువాత అతడి బల్ల మీది ఇనుప ముక్కను అడిగి తెచ్చి, కుండ పూడ్చిన దగ్గరే మోచేతి లోతు తవ్వి దాని చోట దాన్ని పెట్టాను. గుండ్లను మిషను ఒక్కొక్కటిగా దొర్లించింది. దారి పడింది.

ఆడబిడ్డ నాతో మాట్లాడలేదు. మూడు నెలలు. తరువాత ఒకరోజు కంకర దగ్గర నా పక్కన కూర్చుని ఒక్క మాట అంది.

"చెప్పుడు తప్పు గాదు పిల్లా. ముందుగాల ఎవల ముచ్చట చెప్పినవ్ నువ్వు?"

ఆ రోజు నేను నిలబడింది నా బిడ్డ కోసం, నా చేతి పని కోసం. చచ్చిపోయినవాళ్ళ సంగతి ఓనరు తాడు తీయించమన్నాక గుర్తొచ్చింది. ముందే ఆ గుండ్ల దగ్గరికి నడిచి, కుండ సంగతీ ఉలి సంగతీ చెప్పి, ఆ తరువాత బండ ఎక్కి ఉంటే? వినేవాళ్ళో లేదో. కానీ ఆ వరుస తప్పింది నేనే. మీ ఉద్యోగాల్లో కూడా ఇటువంటి రోజు ఒకటి వస్తుంది. మీ కోపం న్యాయమైనదే అయినా, ఏ మాట ముందు చెప్పాలో ఒక్క నిమిషం చూసుకోండి.

అలాగని నా కోపం తగ్గిందనుకోకండి. అన్ని దేశాల్లో ప్రళయం కథ ఉంటే ఉంటుంది. అన్ని దేశాల్లో వానలు లేవా, పొంగే ఏర్లు లేవా, పిల్లల్ని ఎత్తుకుని గుట్ట ఎక్కిన తల్లులు లేరా? నేను పనిచేసిన ప్రతి సైటులోనూ ఒక దయ్యం కథ ఉండేది. ఆ దయ్యాలన్నీ ఒకే ఊరినుంచి బస్సెక్కి వచ్చాయా? ఒక గొప్ప పని కనబడితే, అది చేసిన మనిషి ఎప్పుడూ సముద్రం అడుగునో ఆకాశంలోనో ఉండాలి వీళ్ళకు. పక్కనే తట్ట ఎత్తుకుని నిలబడితే మాత్రం కనబడదు.

పోయిన ఏడాది ఆ బిల్డింగుకు మళ్ళీ వెళ్ళాను. నా బిడ్డ ఇప్పుడు అక్కడే హౌస్‌కీపింగులో సూపర్‌వైజరు. బోరబండలో మా ఇంట్లోనే తన టిఫిను డబ్బా మరిచిపోయి వెళితే, బయట తిని డబ్బు తగలేస్తుందని నేనే పట్టుకెళ్ళాను. గేటు పక్కన పచ్చగడ్డిలో నా బండ కూర్చుని ఉంది. అందంగా ఉందని అప్పట్లో అక్కడికి జరిపారట. చుట్టూ గొలుసు.

దగ్గరికి వెళ్ళబోతే సెక్యూరిటీ పిలగాడు వచ్చాడు. "అమ్మా, జర దూరం. అది పురాతనమైంది. వేల ఏండ్ల కిందటిదట. ఎనిమిది దిక్కులకు ఎనిమిది గుంతలు కొట్టిండ్రట, దేవతలు."

ఎనిమిది! నేను కొట్టిన ఎనిమిదోదాన్ని కూడా లెక్కలో కలిపేసుకున్నారు. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది, ఆ పిలగాడిని కాదు, ఎవరినో తెలియదు. వంకర గుంతలోకి వేలు పెట్టబోయి ఆగాను. ఆడబిడ్డ పోయి పదేళ్ళు దాటింది, అయినా చేయి మీద గిల్లినట్టయింది.

"ఏ ఊరు బిడ్డా నీది?" అని అడిగాను.

"నారాయణపేట దిక్కమ్మ."

"మన పాలమూరోడివే. దా, నీకొకటి చూపెడ్త."

బండను వదిలి, కార్లు దిగే దారి దగ్గరికి తీసుకెళ్ళాను. పక్కగోడ దగ్గర చెప్పులు విడిచాను. అతడు వింతగా చూశాడు. గుండ్ల సంగతి చెప్పాను, ఎంత చుట్టు ఉండేవో చేతులు చాపి చూపించాను. నలుపూ ఎరుపూ కుండ సంగతి చెప్పాను. ఇక్కడే, మోచేతి లోతున, నాలాగే వాల్చి కొట్టే మనిషి ఉలి ఒకటి ఉందని చెప్పాను.

అతడు నిలబడి విన్నాడు. కారు ఒకటి వచ్చి హారను కొడితే చేయెత్తి ఆపాడు. తన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఎవలో ఏమో గానీ, ఇన్నేండ్ల సంది వాళ్ళ మీదికెల్లి నడుస్తున్న గదనే అమ్మా" అన్నాడు.

గుంతలు ఎవరు కొట్టారని అతడు అడగలేదు. నేనూ చెప్పలేదు. నా బిడ్డ డబ్బా చల్లారిపోతోందని లోపలికి నడిచాను.